బీడీ దిగిన బస్సు

నెల్లూరు నుంచి మైపాడు పోయే బస్సులో నేను కండక్టరుని. పదహారేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను ఎక్కువగా ఏడిపించింది రద్దీ కాదు, దబాయించే ప్రయాణికులూ కాదు. పొగ. వెనక సీట్లో నలుగురు కూర్చుంటే అందులో ఇద్దరి చేతిలో బీడీ ఉండేది. డ్రైవరు తల పైన "పొగ త్రాగరాదు" అని ఎర్ర అక్షరాలతో రాసుండేది, దాని కిందే నిలబడి ముట్టించేవాళ్లు. వానాకాలంలో కిటికీలు మూసేస్తే ఇంక చెప్పే పనే లేదు. ఇందుకూరుపేట చేరేలోపల నా కళ్లు మిరపకాయ తగిలినట్టు మండేవి.

ఇంటికి పోతే నా ఖాకీ చొక్కా అంతా బీడీ వాసన. అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఉరికి వచ్చేది, ఎత్తుకోగానే మొహం అటు తిప్పుకునేది. "నీ బిడ్డ నిన్ను మగోడనుకుంటాంది" అని మా అత్త నవ్వేది. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. కానీ స్నానం చేసి, తల రుద్దుకుని, చీర మార్చుకునేదాకా కన్నబిడ్డను ఎత్తుకోలేకపోవడం నాకు నవ్వులాటగా ఉండేది కాదు.

"ఆర్పేయన్నా" అంటే వినేవాళ్లు తక్కువ. "కిటికీ పక్కనే గదా కూర్చోనుండా, పొగ బయటికే పోతాంది" అనేవాళ్లు కొందరు. "బస్సేమన్నా నీ సొంతమా?" అని గొంతు పెంచేవాళ్లు కొందరు. చివరికి నేనొక పద్ధతి నేర్చుకున్నాను. పోట్లాడకుండా, బీడీ తాగే మనిషి పక్కన పోయి నిలబడేదాన్ని. టికెట్టు అడిగినా ఇచ్చేదాన్ని కాదు, ఆ బీడీ వైపే చూస్తా ఉండేదాన్ని. కాసేపటికి బస్సంతా ఆ మనిషినే చూసేది. అర నిమిషం కూడా తట్టుకోలేక ఆర్పేసేవాళ్లు చాలామంది.

తర్వాత తర్వాత కాలం మారింది. నలుగురిలో తాగితే జరిమానా అన్నారు. బస్టాండులో బోర్డులు పెట్టినారు. సినిమాకు పోతే ముందు అదే చూపిస్తున్నారు. బీడీ కట్టల మీద చూడలేని బొమ్మలు వేసినారు. ఇందులో ఏది పని చేసిందో నాకు తెలియదు. ఎవరూ చెప్పకుండానే జనం ఫుట్‌బోర్డు దగ్గర ఆగి, చివరి దమ్ము లాగి, చెప్పుతో నలిపి ఎక్కడం మొదలుపెట్టినారు. వెనక సీట్లో ముట్టించే మనిషి ఏడాదికి ఒకడు కనిపిస్తే గొప్ప.

అట్టాంటి సమయంలో, రెండేళ్ల కిందట, నాకు జోడీగా కొత్త డ్రైవరు వచ్చినాడు. చిల్లకూరు వైపు పల్లె ఆయనది, ఉద్యోగం కోసం నెల్లూరులో కాపురం. యాభై దాటిన మనిషి. బండి తోలడంలో ఆయనకు వంక పెట్టే పని లేదు. గుంతల్లో కూడా, నిలబడ్డ ముసలమ్మ తూలకుండా తోలతాడు. చేపల గంపతో ఎవరైనా సందులోంచి పరుగెత్తి వస్తుంటే, నేను "హోల్డాన్" అనేలోపలే అద్దంలో చూసి ఆపుతాడు. నన్ను "అమ్మాయ్" అంటాడు, నేను "అన్నా" అంటాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నెల్లూరులో బయల్దేరి మైపాడు చేరేలోపల ఆయనకు మూడు బీడీలు కావాలి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో బీడీ.

మొదటి వారంలోనే మెల్లిగా అడిగినాను. "అన్నా, నేను జనానికి ఆర్పమని చెప్పాల. నువ్వే తాగతా ఉంటే ఎట్టా చెప్పేది?"

"ముప్పై ఏళ్ల అలవాటు అమ్మాయ్. ఇది లేకుంటే చెయ్యి స్టీరింగు మీద నిలవదు. ఇంతమంది ప్రాణాలు నా చేతిలో ఉండాయి గదా" అన్నాడు.

అంతటితో వదిలేసినాను. ఎవరైనా విసుక్కుంటే, "డ్రైవరన్నకు అలవాటు, కాస్త సర్దుకోండి" అని నేనే చెప్పడం మొదలుపెట్టినాను. ఇన్నేళ్లు పొగతో పోట్లాడినదాన్ని, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆడవాళ్లకు టికెట్టు ఉచితం చేసినాక మా బస్సు తీరే మారిపోయింది. మూడొంతులు ఆడవాళ్లే. ఆస్పత్రికి పోయేవాళ్లు, రొయ్యల ఫ్యాక్టరీల్లో పనికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, చేపలమ్ముకునేవాళ్లు. ఒక్కరు అడిగితే సర్దుకోమని చెప్పొచ్చు. నలభై మంది అడిగితే ఎవరిని సర్దుకోమనేది?

ఒకరోజు మధ్యాహ్నం ట్రిప్పులో, నెల్లూరులో ఒక తల్లి మూడేళ్ల పాపను భుజాన వేసుకుని ఎక్కింది. పాపకు ఆయాసం, ఆస్పత్రిలో ఆవిరి పట్టించుకుని వస్తున్నారు. చోటు దొరికింది సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో. ఊరు దాటగానే ఆయన ముట్టించినాడు. పాప దగ్గడం మొదలుపెట్టింది.

"ఆర్పేయన్నా, బిడ్డకు ఊపిరి ఆడటంలా" అంది ఆ తల్లి.

ఆయన తిరిగి చూడలేదు. ఇంజను చప్పుడుకు వినపడలేదేమో, ఆ సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె రెండోసారి అడగలేదు, పాప మొహానికి కొంగు అడ్డం పెట్టి ఏడవసాగింది. అప్పుడు పక్క సీట్లో ఖాళీ గంపతో కూర్చున్న చేపలామె లేచింది. మైపాడు మనిషి, రోజూ మా బస్సులోనే నెల్లూరు పోయి చేపలమ్ముకుని వస్తుంది. ఆమె గొంతు సముద్రం ఒడ్డున పెరిగిన గొంతు.

"యోవ్ డ్రైవరూ! బిడ్డకు ఊపిరాడక పోతాంటే నీకు బీడీ కావాల్సొచ్చిందా? దిగి తాగు పో!"

బస్సంతా అందుకుంది. దిగు, దిగు అని ఒకటే కేకలు.

ఆయన నిజంగానే దిగినాడు. రెండు పక్కలా రొయ్యల గుంటలు, చారెడు నీడ లేని చోటు. బస్సును పక్కకు తీసి, ఇంజను ఆపి, గట్టు మీద నిలబడి బీడీ మొత్తం తాగినాడు. అది అయిపోయినాక ఇంకోటి ముట్టించినాడు. ఎండకు ఉడికిపోతా మేమంతా కిటికీల్లోంచి చూస్తా ఉన్నాం. నేను దిగి పోయి, "అన్నా, లోపల పాప ఉంది, రా అన్నా" అన్నాను.

"దిగి తాగమన్నారు గదా. తాగతా ఉండా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. కోపంతోనో అవమానంతోనో నాకు అర్థం కాలేదు.

కాలేజీ పిల్ల ఒకామె అదంతా ఫోనులో తీసింది. సాయంత్రానికల్లా ఆ వీడియో మా డిపోలో అందరి ఫోన్లలోకి వచ్చేసింది.

మరునాడు మేనేజరు మా ఇద్దర్నీ పిలిపించినాడు. బస్సు ఎందుకు ఆపినావని అడిగితే, "ఇంజను వేడెక్కింది సార్" అన్నాడు ఆయన. "బస్సులో నేను తాగను సార్. కావాలంటే కండక్టరమ్మను అడగండి."

మేనేజరు నా వైపు తిరిగినాడు. "ఏమ్మా, తాగుతాడా?"

నా పక్కన ఆయన ధీమాగా నిలబడి ఉన్నాడు. నేను కాపాడతానని ఆయనకు అనుమానమే లేదు. నిన్నటిదాకా నేను చేసిన పని కూడా అదే గదా. నాకు ఆ పాప దగ్గు చెవుల్లో వినిపిస్తానే ఉంది.

"తాగుతాడు సార్. రోజూ తాగుతాడు. ఇంజను వేడెక్కలేదు."

రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చినారు. మళ్లీ జరిగితే డ్యూటీలోంచి తీసేస్తామన్నారు. బయటికి వచ్చినాక ఆయన నా మొహం చూడకుండా, "నిన్ను తోడబుట్టినదాన్ని అనుకున్నా" అని వెళ్లిపోయినాడు.

ఆ తర్వాత నెలన్నర మా మధ్య "రైట్", "హోల్డాన్" తప్ప ఇంకో మాట లేదు. టీ తాగేది కూడా చెరొక చోట. బస్సులో పొగ మాత్రం పూర్తిగా పోయింది. కిటికీలోంచి వచ్చే గాలి గాలిలాగే ఉండేది. ఎవరి జడలో మల్లెపూలున్నాయో, ఏ గంపలో ఏ చేప ఉందో ముక్కుకు తెలిసేది. ఇంటర్ చదివే మా పాప నా చొక్కా మడతపెడతా, "ఏం వాసనా లేదే అమ్మా" అంది. ఇన్నేళ్ల బరువేదో దిగినట్టు అనిపించింది.

కానీ ఆయన్ను చూస్తే ఆ తేలిక నిలిచేది కాదు. ఆయనకు "వీడియో డ్రైవరు" అని పేరు పడిపోయింది. మైపాడులో టీకొట్టు మనిషి, ఇన్నాళ్లు ఈయనకు బీడీ కట్టలు అమ్మినవాడే, "కొంచెం అవతలికి పోయి తాగన్నా, బీచికి వచ్చినోళ్లు ఇబ్బంది పడతారు" అన్నాడు. ఆయన ఇసకలోకి నడిచినాడు. అక్కడ పిల్లలతో కూర్చున్న కుటుంబం వాళ్లు, గాలి అటు వీచకపోయినా, ఈయన్ను చూడగానే ముక్కులు మూసుకున్నారు. ఇంకా దూరం పోయినాడు. నేను బస్సు మెట్టు మీద నిలబడి చూస్తానే ఉన్నాను. చివరికి ఒడ్డుకు లాగిపెట్టిన పడవ వెనక ఒంగి కూర్చుని, బీడీని అరచేతిలో దాచుకుని తాగినాడు. యాభై నాలుగేళ్ల మనిషి, దొంగలాగా. నేను కోరుకున్నది బస్సులోంచి పొగ పోవాలని. మనిషిని ఊరవతలికి తరమాలని ఎప్పుడూ అనుకోలేదు. కానీ తరమడం మొదలైంది, అందులో నా మాట కూడా ఉంది.

ఒకరోజు ఆయన తన సీట్లోకి ఎక్కుతుంటే చేపలామె, "వచ్చినాడమ్మా పొగబండి" అని పెద్దగా అంది. నలుగురు నవ్వినారు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆయన బస్సులో మానేసి నెల దాటింది. ఇంకా ఎందుకు?"

ఆమె గంపను కాళ్ల దగ్గరికి లాక్కుంది. "మా ఇంటాయన కూడా ఇట్టానే తాగేవాడు మే. వద్దంటే నవ్వేవాడు. గొంతులో పుండు లేచి, మింగుడు పడక, ఆరు నెలల్లో పోయినాడు. ఈయన మీద నాకేం కోపముంటాది? ఈయన్ను చూస్తే ఆయన్ను తిట్టాలనిపిస్తాది. ఆయన లేడు గదా తిట్టడానికి."

ఆ రోజునుంచి ఆమె మాత్రం ఆయన జోలికి పోలేదు.

చలికాలం మొదలయ్యేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు పొద్దున మైపాడు నుంచి తిరిగి వస్తా ఇందుకూరుపేట దాటినాక, దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఇంక ఆగలేదు. ఆ స్థితిలో కూడా ఆయన బస్సును నిదానంగా పక్కకు తీసి, బ్రేకు వేసి, అప్పుడు స్టీరింగు మీద తల వాల్చినాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని ముందుకు ఉరికినాను. తల ఎత్తి నన్ను చూసి, ఊపిరి కూడా సరిగా అందకుండానే అన్నాడు.

"బస్సులో తాగలా అమ్మాయ్. నిజంగా తాగలా."

"నేనడిగినానా అన్నా? ముందు నీళ్లు తాగు" అన్నాను. చేపలామె గంపలు దాటుకుంటా వచ్చి, కొంగుతో ఆయనకు విసరడం మొదలుపెట్టింది. బస్సులో ఒక్కరు కూడా ఆలస్యమవుతోందని అనలేదు.

ఎక్స్‌రే తీయిస్తే కుడివైపు మచ్చ కనపడింది. డాక్టరు స్కానింగు రాసి, కఫం పరీక్షకు పంపి, రిపోర్టులన్నీ వారానికి వస్తాయి, తోడు ఎవరినైనా తీసుకుని రమ్మని చెప్పినారంట. డిపోలో బస్సు పక్కన నిలబడి ఆయన ఈ సంగతంతా నాతో చెప్పినాడు. నెలన్నర తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి పెద్ద మాట అదే.

"బుధవారం నాతో ఆస్పత్రికి వస్తావా?"

"వదినను తీసుకుపోన్నా."

"ఆమెకు చెప్పలా. చెప్తే అన్నం మానేస్తాది. కొడుకును తీసుకుపోతే నన్ను బయట కూర్చోబెట్టి, ఏమీ లేదు నాయనా అంటాడు. నువ్వు అట్ట కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తావు. ఆ రోజు మేనేజరు ముందర చెప్పినావు గదా."

దెప్పడానికి అన్న మాట కాదది. నన్ను నమ్మి అడిగినాడు. వస్తానన్నాను.

ఆ వారం రోజులు ఆయన బీడీలు తగ్గించలేదు, భయానికి ఇంకా ఎక్కువ తాగినాడు.

బుధవారం ఇద్దరం సెలవు పెట్టి పోయినాం. చీటీ రాసే మనిషి, వివరాలు అడుగుతా బీడీ సంగతి వినగానే, "తాగేటప్పుడు తెలియలేదా?" అన్నాడు. ఆయన తల దించుకున్నాడు. లోపల డాక్టరమ్మ కూడా అదే అంటుందని నేను పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆమె అట్టాంటి మాట ఒక్కటి కూడా అనలేదు. ఎన్నేళ్లనుంచి, రోజుకు ఎన్ని అని అడిగి రాసుకుంది. స్కానింగు ఫిల్ములను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది క్యాన్సర్ కాదు" అంది. "టీబీ కూడా లేదు. పాత మచ్చ. చిన్నప్పుడు ఎప్పుడో నిమ్ము చేసి మానిన గుర్తు. ఈ దగ్గు మాత్రం బీడీలదే. ఇప్పుడు మానేస్తే చాలా వరకు తేరుకుంటారు. మానకపోతే ఇంకో పదేళ్లకు నేను ఇదే మాట చెప్పగలనో లేదో."

ఆయన నా వైపు తిరిగినాడు. "ఏమంటాంది?"

డాక్టరమ్మ తెలుగులోనే చెప్పింది. ఆయనకు అర్థం కానిదేమీ లేదు. అయినా నా నోటితో వినాలి.

"క్యాన్సర్ కాదంటన్నా. పాత మచ్చంట. నిజం."

ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఊగిపోయినాయి. డాక్టరమ్మ తొందరపెట్టకుండా కలం పక్కన పెట్టి కూర్చుంది. నాకు అప్పుడు తెలిసింది, వారం రోజులుగా నేను కూడా నిండుగా ఊపిరి పీల్చలేదని.

ఆస్పత్రి ఆవరణలోకి వచ్చినాక ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. "ఒకటి తాగాలనిపిస్తాంది అమ్మాయ్" అన్నాడు.

"ఇక్కడ తాగకూడదన్నా. గేటు బయటికి పోవాల."

ఆయన నా మొహం చూసినాడు, నేను ఆయన మొహం చూసినాను. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. దారినపోయే నర్సు ఒకామె వింతగా చూసి పోయింది. గేటు బయట హోటల్లో కారం దోశ తిన్నాం. ఆయన రెండు తిన్నాడు, నోరు మండి నీళ్లు తాగి మూడోది చెప్పినాడు. తింటానే వదినకు ఫోను చేసి మొత్తం చెప్పినాడు. ఆమె తిట్లు పక్క టేబులుకు కూడా వినపడినాయి. ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని, నవ్వతా, కళ్లు తుడుచుకుంటా కూర్చున్నాడు.

ఆ రోజే మానేసినాడని రాస్తే అబద్ధం. గేటు బయట ఒకటి తాగినాడు, నా ముందే. తర్వాత పది రోజులకు మానినాడు. డాక్టరమ్మ ఇచ్చిన నమిలే బిళ్లలు నచ్చక లవంగాలు నమిలినాడు. చేపలామె ఉడకబెట్టిన తేగలు పేపర్లో చుట్టి తెచ్చి ఇంజను మీద పెట్టేది, "నమలు, నోరు ఊరుకుంటాది" అని. మూడుసార్లు తప్పినాడు. తప్పిన మరునాడు బస్సెక్కగానే తానే చెప్పేవాడు, "నిన్న రెండు తాగినా అమ్మాయ్" అని. "సరే అన్నా" అనేదాన్ని. ఇప్పటికి నాలుగో నెల నడుస్తాంది. చెయ్యి స్టీరింగు మీద బాగానే నిలుస్తాంది.

పోయిన నెలలో ఒక స్టాపు దగ్గర పెద్దాయన ఒకడు చెయ్యెత్తినాడు. అప్పుడే ముట్టించిన బీడీ చేతిలో. బస్సు ఆగగానే లోపలినుంచి ఆడవాళ్లు అరిచినారు. "వద్దు, పోనీ డ్రైవరన్నా, ఎక్కించుకోవద్దు!"

డ్రైవరన్న వెనక్కి తిరిగి, "ఆగండమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, "తొందరేం లేదు పెద్దాయనా. రెండు దమ్ములు లాగి ఎక్కు. బస్సులో మాత్రం వద్దు" అన్నాడు.

పెద్దాయన కంగారుగా ఒక్క దమ్ము లాగి, బీడీ నేలకు రాసి ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకుని ఎక్కినాడు. ముందు సీట్లో ఒకామె జరిగి చోటిచ్చింది. నేను టికెట్టు కొడతా ఉంటే పెద్దాయన నా వైపు ఒంగి, "మీ డ్రైవరుకు బీడీ అలవాటున్నట్టు లేదు. అయినా నన్ను ఒక్క మాట అనలేదే" అన్నాడు.

నేను నవ్వి టికెట్టు ఆయన చేతిలో పెట్టినాను.